ఆగమని కొట్టిన గంట

మిట్టమధ్యాహ్నం. కాకి కూడా నీడ వదిలి రాని ఎండ. ఆ ఎండలో, క్వార్టర్స్ వెనక మైదానంలో, ఒక మనిషి మందపాటి ఫైర్ కోటు తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని, గుండ్రంగా పరిగెత్తుతున్నాడు. కట్టుకున్నవాడు కాకపోతే చూసి నవ్వుకోవచ్చు. వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. వెనకాల పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గట్టు మీంచి నేల మీదికి కారుతున్నాయి. ఆ సంగతీ తెలియలేదు.

"ఏవండీ! ఇక చాలు, లోపలికి రండి!"

ఆయన చెయ్యెత్తి ఊపాడు. వస్తున్నానని కాదు, కిటికీ మూసుకోమని.

ఆ ఫైర్ స్టేషన్లో పెద్ద బండి తోలేది ఆయనే. ఆయన గొంతు ముందు బండి సైరన్ ఎందుకూ పనికిరాదని కుర్రాళ్ళు సైరన్ మామ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి మహా ఇష్టం. కానీ ఏడాదికోసారి పెట్టే పరుగు పరీక్షలో పేరు చూసి ఎవరూ మార్కులు వెయ్యరు కదా. వరసగా రెండుసార్లు తప్పాడు. ఈసారి కూడా తప్పితే బండి దింపేసి గొట్టాల గదిలో కూర్చోబెడతారు. తడిసిన గొట్టాలు ఆరబెట్టడం, ఆరినవి చుట్టిపెట్టడం, అంతే పని. ఆ మాట చెవిన పడిన రోజునుంచీ ఆయనకి పరుగు పిచ్చి పట్టింది. కోటు వేసుకుని ఎండలో పరిగెత్తితే చెమటతోపాటు పొట్ట కూడా కరిగి కారిపోతుందట. ఈ వైద్యం చెప్పిందెవరో గానీ, ఆ మహానుభావుడు తను మాత్రం ఫ్యాను కిందే కూర్చుని ఉంటాడు.

తలుపు తోసుకుని వచ్చి గడప మీదే కూలబడ్డాడు. ఆమె కోటు గుండీలు విప్పింది. ఇత్తడి గుండీలు వేళ్ళకి చురుక్కుమన్నాయి. లోపలి బనీను పిండితే బొటబొటా కారేలా ఉంది, అంచుల్లో ఉప్పు తెల్లగా చారలు కట్టింది. చెంబుతో నీళ్ళందించింది. ఆయన రెండు గుక్కలు పుక్కిలించి పెరట్లోకి ఉమ్మేశాడు.

"మింగండి!"

"కడుపులో నీళ్ళుంటే పరుగు సాగదే. బిందె మోస్తూ పరిగెత్తినట్టుంటుంది."

"రక్తపోటు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాలే. దానివల్లే కదా ఊరికే ఒంటేలుకి పోవాల్సొస్తోంది. అదీ మంచిదే, నీళ్ళ బరువు తగ్గుతోంది."

లేవబోయి గోడ పట్టుకున్నాడు. కళ్ళు బైర్లు కమ్మాయని ఆమెకి తెలిసింది. తనకి తెలిసిందని ఆయనకీ తెలిసింది. అటకమీదున్న పీట ఎందుకు దించలేదని ఆయన కసిరాడు.

పక్క వాటాలో, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఉంటుంది. సాయంత్రం డ్యూటీకి వెళ్ళబోతూ జడ వేసుకుంటుంటే ఆమె వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఖాళీ మాత్రల అట్ట నర్సమ్మ చేతిలో పెట్టింది.

నర్సమ్మ అట్ట తిప్పి చూసింది. "ఇది వేసుకునేనా అన్నయ్య ఎండలో దూకుతున్నది?"

"కోటు కూడా వేసుకుని."

"రామ రామ! వదినా, ఒంట్లో వేడి పోవాలంటే చెమట పట్టాలి. చెమట పట్టాలంటే నీళ్ళుండాలి. ఈ మాత్ర ఉన్న నీళ్ళని తోడేస్తుంది. ఆపైన కోటేసి ఉన్న దారీ మూశాడు. కుండకి మూతపెట్టి కింద మంట పెట్టడమే కదా అది!" జడ సగంలో వదిలేసి ఆమె చెయ్యి పట్టుకుంది. "పరిగెత్తాలనుంటే తెల్లారకుండా పరిగెత్తమను, నీళ్ళు తాగుతూ. అసలు ముందు డాక్టరుని అడగమను. చెమట కారుతున్నంతసేపూ ఏదో కాస్త నయం. కారేది ఆగి ఒళ్ళు పొడిగా కాలిపోతూ, మాట తడబడితే మాత్రం ఇక నన్ను పిలవడానికి కూడా ఆగకు. నీళ్ళు కుమ్మరిస్తూ ఆస్పత్రికి పట్టుకురా."

"నా మాట వినడమ్మా. నువ్వొకసారి చెప్పు."

"చెప్పలేదనుకున్నావా? ఎండలో పరిగెత్తొద్దని నిన్ననే చెప్పాను. నవ్వాడు."

ఆమె ఇంటికి వచ్చి ఫైర్ కోటు తీసి బియ్యం డబ్బా వెనక కుక్కింది. మొండి మొగుడితో వేగేవాళ్ళకి ఇలాంటి చిన్న చిన్న దొంగతనాలు తప్పవు. అన్నానికి కూర్చోబోతూ ఆయన తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, డబ్బా జరిపి, కోటు తీసి కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"పొగలో కళ్ళు మూసుకుని మనుషుల్ని వెతికేవాణ్ణి. నాకు కోటు దొరకదనుకున్నావా?"

"రేపు ఆఫీసరుగారి దగ్గరికెళ్ళి మీ మాత్రల సంగతి చెప్తాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "చెప్పావో, నా శవాన్ని చూస్తావ్."

"చెప్పకపోతే చూసేదీ అదే కదా!"

అనేసి నాలుక్కరుచుకుంది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తల వంచుకుని, ఆ సైరన్ గొంతేనా అన్నంత మెల్లగా అన్నాడు.

"నిప్పులోకి వెళ్ళొచ్చేవాణ్ణే, ఎండకి చస్తానటే? ఆ స్టీరింగ్ వదిలేస్తే నేనెవర్ని చెప్పు? అవతల ఎవడో కాలిపోతుంటే, బండి బయటికెళ్తుంటే, నేను గదిలో కూర్చుని గొట్టాలు చుట్టుకోవాలా? ఒట్టెయ్యి. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

ఆమె చెయ్యి కదల్లేదు. ఆయనే ఆ చేతిని లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. నెత్తి ఇంకా వేడిగానే ఉంది.

అప్పుడే స్టేషన్లో గంట మోగింది. ముద్ద నోటిదాకా రాలేదు, కంచంలో పడిపోయింది. ఎంగిలి చేత్తోనే తలుపు తోసుకుని, ఒక కాలికి బూటు తొడిగీ తొడగకుండా, ఆయన చీకట్లోకి దూకాడు. ఈ ఇంట్లో కాపురం చేసిన ఆడదానికి అది కొత్త కాదు. నిద్రలో ఉన్నా అంతే, స్నానంలో ఉన్నా అంతే. గంట చెవిన పడగానే ముందు కాళ్ళు లేస్తాయి, ఆ తర్వాతే మనిషి లేస్తాడు. ఒకసారి పూజారి ఎవరో గంట కొడితే వీధిలో నడుస్తున్నవాడు పరుగందుకున్నాడని కుర్రాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. పెద్ద బండి గేటు దాటి వెళ్ళేదాకా ఆమె ఎంగిలి కంచం ముందే కూర్చుండిపోయింది. ఒట్టు మాత్రం నెత్తిన పడిపోయింది.

మర్నాడు స్టేషన్ ఆఫీసు గుమ్మందాకా వెళ్ళింది. ఆఫీసరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ ఏంటన్నట్టు చూశాడు. ఆమె నోరు తెరిచింది. కిటికీలోంచి ఆయన కనిపించాడు. బండి ముందు అద్దాన్ని పాత గుడ్డతో తుడుస్తున్నాడు, పసిపిల్లకి మొహం తుడిచినంత శ్రద్ధగా, మూలలు కూడా వదలకుండా. "ఏం లేదండీ, ఊరికే వచ్చాను" అని వెనక్కి తిరిగింది. దారంతా తనని తాను తిట్టుకుంటూనే వచ్చింది. ఒట్టు గట్టున పెట్టి బతికినవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు!

పరుగు పరీక్ష తెల్లవారగానే అన్నారు. చల్లగా ఉంటుందని ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు స్టేషన్ వాళ్ళందరూ బనీన్ల మీద నంబర్లు కట్టుకుని మైదానంలో వరసగా నిలబడ్డారు. నిలబడ్డారంటే నిలబడే ఉన్నారు. ఆఫీసరు రాలేదు. ఏదో మీటింగట. సూర్యుడు గోడ ఎక్కాడు, చెట్ల మీదికెక్కాడు, నడినెత్తికి వచ్చేశాడు. నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుపోయాయి. ఆఫీసరు కోసం వేసిన టెంటు కింద కుర్చీలు మాత్రం హాయిగా ఉన్నాయి.

క్వార్టర్స్ ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. ఆమె చేతిలో నిమ్మకాయ నీళ్ళ సీసా. మైదానం చుట్టూ కట్టిన తాడు దాకా వెళ్ళి ఆయన్ని పిలిచింది.

"ఇంత ఎండలో ఏం పరుగండీ? సాయంత్రానికి పెట్టమని అడగండి, నలుగురూ కలిసి."

"నేనడిగితే, ముసలాడు భయపడ్డాడంటారు."

"పోనీ రెండు గుక్కలు తాగండి."

"అయ్యాక." ఆయన నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి. "అయ్యాక సీసా మొత్తం తాగుతాను. వెళ్ళు, నీడలో నిలబడు."

పక్కనే ఉన్న బక్కోడు, పేరుకి తగ్గట్టు చువ్వలాంటి కుర్రాడు, "నువ్వేం దిగులు పడకత్తా, మామ వెనకాలే నేనుంటా" అన్నాడు.

ఆఫీసరు కారు దిగాడు, టెంటు కింద కూర్చున్నాడు, చల్లటి సీసా మూత తిప్పుతూ నియమాలు చదివించాడు. గడువు అయిపోగానే గంట కొడతారు. ఆలోపు చుట్లన్నీ పూర్తిచేసి గీత దాటినవాడే నెగ్గినట్టు. తాడు లోపలికి బయటివాళ్ళు రాకూడదు. పరిగెత్తేవాడి మీద బయటి చెయ్యి పడిందో, ఆ పరుగు చెల్లదు.

ఈల ఊదారు. మొదటి చుట్లలో ఆయన బాగానే పరిగెత్తాడు, మధ్యలో ఆమె వైపు చూసి కన్ను కూడా గీటాడు. గోడ దగ్గరి ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. తర్వాత చూడటం మానేశాడు. తర్వాత నోరు తెరుచుకుంది. నేల మీంచి లేస్తున్న వేడికి అవతలి వైపు మనుషులు నీళ్ళలో నీడల్లా వణుకుతున్నారు. ఒకడు కూర్చుండిపోయి కడుపు పట్టుకున్నాడు. ఇంకొకడు తాడు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఆఫీసరు ఫోను చూసుకుంటున్నాడు.

ఆమె ఆయన వీపునే చూస్తోంది. ఇందాక నల్లగా తడిసి ఒంటికంటుకున్న బనీను ఇప్పుడు ఎగురుతోంది. ఎందుకు ఎగురుతోందో ముందు అర్థం కాలేదు. పొడిగా ఉంది. అంత ఎండలో, అంత పరుగులో, మనిషి ఒంటిమీద చెమట చుక్క లేదు. మొహం ఇటుక రంగులోకి తిరిగింది.

చెయ్యి పడితే చెల్లదు. తాడు పట్టుకుని నిలబడింది. ఇంకా ఒక్క చుట్టేనేమో. ఆ ఒక్క చుట్టు కోసమే కదా ఆయన ఇన్నాళ్ళూ ఒళ్ళు కాల్చుకున్నది. ఇప్పుడు తను చెయ్యేస్తే జన్మలో క్షమించడు. చెయ్యెయ్యకపోతే? దేవుడా, ఆ గంటేదో త్వరగా కొట్టించు!

గంట కొట్టారు.

అందరూ ఆగిపోయారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు, నేల మీద పడిపోయారు. ఆయన ఆగలేదు. తల ఒక్కసారి పైకి లేచింది. అడుగులు పెద్దవయ్యాయి. ఎక్కడ దాచుకున్నాడో ఆ బలం, పిచ్చెత్తినట్టు పరుగందుకున్నాడు.

"సైరన్ మామకి ఊపొచ్చిందిరోయ్!" ఎవడో అరిచాడు. చప్పట్లు కొట్టారు. టెంటు కింద ఆఫీసరు కూడా నవ్వాడు. "చాలు చాలు, ఆగమనండయ్యా. మళ్ళీ కొట్టండి."

మళ్ళీ గంట కొట్టారు. ఆయన ఇంకా జోరు పెంచాడు. కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. ఇంకా గట్టిగా కొట్టారు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. అక్కడున్న ఇంతమంది మగాళ్ళలో ఒక్కడికీ తట్టనిది, ఎంగిలి కంచం ముందు కూర్చున్న ఆడదానికి తెలిసింది. ఆ గంట ఆయన్ని ఆపదు. లేపుతుంది.

"గంట ఆపండి! మీకు పుణ్యముంటుంది, ఆ గంట ఆపండి!"

నిమ్మకాయ నీళ్ళ సీసా ఎక్కడ పడిందో, తాడు ఎలా దూరిందో తెలియదు. ఎదురెళ్ళి రెండు చేతులతో నడుం పట్టుకుంది. ఆ ఊపుకి ఇద్దరూ నేల మీద పడ్డారు. పెనం మీద చెయ్యేసినట్టుంది ఒళ్ళు. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చూశాడు గానీ, ఆ చూపులో ఆమె లేదు.

"ఎవరమ్మా నువ్వు, అడ్డు లే! లోపల మనుషులున్నారు. పిల్లలున్నారు లోపల!"

"ఎవరూ లేరండీ, అందరూ బయటికొచ్చేశారు. నేనండీ, నేను!"

ఆయన కాళ్ళు పడుకునే పరిగెత్తుతున్నాయి. తర్వాత కొట్టుకోవడం మొదలెట్టాయి. "నీళ్ళు! నీళ్ళు తిప్పరా!" అని ఆమె పెట్టిన కేక సైరన్ని మించింది. బక్కోడు తూలుకుంటూ లేచి మైదానం అంచున ఆపిన బండి దగ్గరికి పరిగెత్తాడు. రోజూ పొద్దున్నే ఆయన తుడిచే బండి నుంచే గొట్టం లాగి, ఆయన మీదా ఆమె మీదా నీళ్ళు వదిలాడు. ఆ నీళ్ళలోనే ఏడుస్తూ, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, ఆమె బనీను చింపేసింది.

ఆస్పత్రిలో చంకల్లో, మెడకింద ఐసు సంచులు పెట్టారు. ఆ రోజు, ఆ రాత్రి, మర్నాడు ఆయన కళ్ళు తెరవలేదు. గొట్టంలోంచి సంచిలోకి దిగుతున్న మూత్రం చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. నర్సమ్మ డ్యూటీ కాకపోయినా వచ్చి ఆ సంచి కేసి చూసి, ఆమె భుజం నొక్కింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. బతికి బయటపడితే మాత్రం ఎండకీ మంటకీ దూరంగా ఉండాల్సిందే. ఇంకోసారి ఇలా వేడి తగిలితే ఆస్పత్రిదాకా కూడా రాడు.

ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒకటే లెక్క వేసుకుంటోంది. గంటకి ముందు ఆయన గీత దాటాడా, లేదా? దాటి ఉంటే, తన చెయ్యి దాన్ని చెరిపేసిందా? బనీను ఆరడం చూడగానే పట్టుకుని ఉంటే? ఎటు తిప్పినా ఆ లెక్క ఆమెనే కొడుతోంది.

సాయంత్రం ఆఫీసరు పళ్ళ సంచి పట్టుకుని వచ్చాడు. వెనకాల బక్కోడు. ఆఫీసరు మంచం వైపు ఒకసారి చూసి, ఆమెని వరండాలోకి పిలిచాడు.

"చూడమ్మా, ఒక శుభవార్త. మీ ఆయన గంటకి ముందే గీత దాటేశాడు. నెగ్గాడు. ఆ తర్వాత పరిగెత్తిందంతా ఉత్త పరుగే."

ఆమె గోడకి ఆనుకుంది. నెగ్గాడు. ఏడవాలో నవ్వాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే నువ్వు తాడు దాటి వచ్చావు కదా, దాని మీద ఎవరైనా పేచీ పెట్టొచ్చు. నేను పెట్టనివ్వను. బండి ఆయనదే. కాకపోతే," ఆఫీసరు గొంతు తగ్గించాడు, "పైనుంచి ఎంక్వైరీకి వస్తారు. పరుగు తెల్లారగానే అయిపోయింది, ఇంటికెళ్ళాక పడిపోయాడు అని చెప్పు. మన స్టేషన్ వాళ్ళందరూ అదే చెప్తారు. ఏరా?"

బక్కోడు నేల చూపులు చూశాడు.

ఆమె తలుపు సందులోంచి మంచం కేసి చూసింది. ఒక్క 'సరే' అంటే చాలు. కళ్ళు తెరవగానే ఆ మనిషి చెవిలో చెప్పొచ్చు, నెగ్గారండీ అని. ఆ మొహం ఎలా వెలుగుతుందో ఆమెకి తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. లేవగలిగిన రోజే స్టీరింగ్ పట్టుకుంటాడు. గంట మోగుతుంది. మంటలు. ఇంటికి ఎవరో కబురు తెస్తారు.

"తప్పాడని రాయండి" అంది.

"ఏంటమ్మా?"

"నేను మధ్యలో పట్టుకున్నాను, పరుగు చెల్లలేదు. అలాగే రాయండి. ఏ ఎండలో పరిగెత్తించారో, ఎవరికోసం నిలబెట్టారో, అది మాత్రం నేను చెప్తాను. ఎవరొచ్చి అడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను. ఒకసారి మీ గుమ్మందాకా వచ్చి నోరు మూసుకుని పోయాను. ఇంక మూసుకోను."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆ సీటు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు ఆయన!"

"అందుకేనండీ, ఆ ప్రాణం నాకు కావాలి."

ఆఫీసరు "నీ ఇష్టం, తర్వాత నన్ననుకోవద్దు" అని మెట్లు దిగిపోయాడు. బక్కోడు కదల్లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మీ మామకి నెగ్గాడని చెప్పావో, నా మీదొట్టు" అంది ఆమె. ఒట్టంటేనే అసహ్యం పుట్టిన మనిషి, మళ్ళీ ఒట్టే పట్టుకుంది.

"చెప్పనత్తా. ఎండ సంగతి నన్నడిగితే నేను..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేకపోయాడు. ఆమె కూడా రెట్టించలేదు. వాడికీ ఉద్యోగం ఉంది, ఇంట్లో వాళ్ళున్నారు.

ఆ మర్నాడు ఆయన కళ్ళు తెరిచాడు. చాలాసేపు పైకప్పు చూశాడు, ఫ్యాను చూశాడు, ఆమెని చూశాడు. ఈసారి ఆ చూపులో ఆమె ఉంది. దూదితో పెదాలు తడిపింది. ఆయన గొంతు బొంగురుగా, పిల్లి కూతంత వచ్చింది.

"దాటానా?"

ఆమె దూది గిన్నెలో పెట్టింది. దుప్పటి అంచు సరిచేసింది. ఇంకా సరిచెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

"లేదండీ. నేను పట్టుకున్నాను."

"నువ్వా?"

"చూడలేకపోయాను. తాడు దాటొచ్చి పట్టుకున్నాను. ఆఖరి చుట్టులో."

తిడతాడనుకుంది, తిట్టమని లోపల మొక్కుకుంది. ఆయన కంటి కొసనుంచి ఒక బొట్టు దిగి చెవిలోకి పోయింది. ఇన్ని నీళ్ళెక్కించాక ఒంట్లో తడి పుట్టిందని ఆ క్షణంలో కూడా ఆమెకి సంతోషమే వేసింది. ఆయన మెల్లగా, సూదులూ గొట్టాలూ లాగుతున్నా సరే, గోడ వైపు తిరిగిపోయాడు.

ఆ వీపు కేసి చూస్తూ కూర్చుంది. ఇక ముందున్న బతుకంతా ఈ వీపుతోనేనేమో. పోనీలే. వీపు పైకీ కిందికీ కదులుతోంది కదా, అది చాలు.

బయట వరండాలో చూడవచ్చినవాళ్ళని వెళ్ళిపొమ్మని ఆయా గంట కొట్టింది.

దుప్పటి కింద ఆయన కాళ్ళు ఉలిక్కిపడ్డాయి. ఒక మోకాలు పైకి లేచింది. సూది గుచ్చిన చెయ్యి మంచం అంచు వెతికింది. ఆమె లేచి, రెండు కాళ్ళ మీదా తన రెండు చేతులూ వేసి, బరువంతా మోపి పట్టుకుంది.

"పడుకోండి" అంది. "అది మనకి కాదు."